తుప్పు పట్టిన ఎడమ తలుపు

"నా కారు తలుపు ఎత్తుకుపోయారు మేడమ్!"

బుధవారం ఉదయం పది గంటలకు ఈ మాట అంటూ లోపలికి వచ్చిన ఆవిడ కుర్చీలో కూర్చోలేదు, కూలబడింది. అరవై అయిదు దాటిన మనిషి. మెట్లెక్కిన ఆయాసం కన్నా కంగారే ఎక్కువగా ఉంది. పెన్సిలు చెక్కుకుంటున్న స్టెనో చెయ్యి ఆగిపోయింది. కార్లు పోయాయని వచ్చినవాళ్ళున్నారు, టైర్లు పోయాయని ఏడ్చినవాళ్ళున్నారు. తలుపు పోయిందన్న మనిషిని చూడడం అతనికిదే మొదటిసారి.

"ఒక్క తలుపేనా?" అంది సర్వేయరమ్మ.

"ఒక్కటే. ఎడమవైపుది. అదీ తుప్పు పట్టినది! ఎవరు మాత్రం ఏం చేసుకుంటారు దాన్ని?"

సర్వేయరమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఆవిడకు కేసు నచ్చితే చేసే మొదటి పని అది. ఇన్సూరెన్సు కంపెనీలో ఇరవై ఆరేళ్ళు సర్వేయరుగా పనిచేసి, గుద్దుకున్న కార్లను చూసి చూసి, తప్పు ఎవరిదో నలిగిన రేకే చెబుతుందనే స్థితికి వచ్చిన మనిషి. రిటైరయ్యాక ఊరుకోలేక స్టేషనరీ దుకాణం పైన ఒక గది తీసుకుని డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. స్టెనో అంతకు ముందు కోర్టులో సాక్షుల మాటలు రాసుకునేవాడు. అయిదేళ్ళుగా ఆవిడ దగ్గర ఉన్నాడు. ఆవిడకు అంతుపట్టని కేసు పుట్టలేదని అతని గట్టి నమ్మకం. అడిగినవాళ్ళకూ చెప్పేవాడు, అడగనివాళ్ళకూ చెప్పేవాడు.

వచ్చినావిడ నలభై ఏళ్ళు కాన్పులు చేసిన నర్సు. ఊళ్ళో సగం మంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే కనుక అందరికీ నర్సమ్మే.

"ఆ కారు నాది పద్దెనిమిదేళ్ళుగా," అంది నర్సమ్మ మంచినీళ్ళు తాగి. "మా డాక్టరుగారి దగ్గర కొన్నాను. ఎన్ని ఊళ్ళు తిరిగానో! మా అక్కయ్యకు సముద్రం చూపిస్తానని మాటిచ్చి పన్నెండేళ్ళయింది. ఏటా ఏదో ఒకటి అడ్డం. ఈసారి కదుల్దామని ట్రయలు వేస్తే, దారిలో అక్కయ్య కాలి చెప్పు మాయమైంది."

"మాయమవడం ఏమిటండీ?" అన్నాడు స్టెనో.

"కారు కింద రేకు తుప్పు పట్టి బెజ్జం పడింది నాయనా. చెప్పు రోడ్డు మీద, అక్కయ్య కారులో. అందుకే టింకరింగు షెడ్డులో ఇచ్చాను. కింద రేకు మార్చి, తలుపుల అడుగు బాగుచేసి, రంగు వేసి ఇస్తామన్నారు. వచ్చే బుధవారం ప్రయాణం. ఈ పొద్దున వాకింగులో అటు వెళ్తే మేస్త్రి కూతురు గుండెలు బాదుకుంటోంది. తలుపు లేదు! ఆ మోడలు తయారీ ఆగిపోయి ముప్పై ఏళ్ళయింది మేడమ్. ఇంకో తలుపు కావాలంటే దొరకదు. తలుపు లేని కారులో డెబ్భై నాలుగేళ్ళ మనిషిని కూర్చోబెట్టి తీసుకుపోనా?"

"ఆ కారంటే మనసున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"పాతకార్ల సంఘం ప్రెసిడెంటు ఒకాయన ఉన్నాడు. అమ్మమని ఏడాదిగా నా చెవిలో జోరీగ. ఆయనకూ అచ్చం ఇలాంటి కారే ఉంది. దాని ఎడమ తలుపు నొక్కుకుపోయింది."

స్టెనో 'ఎడమ తలుపు' అన్న మాట కింద రెండు గీతలు గీశాడు.

"మీరు వెళ్ళడం ఇష్టంలేనివాళ్ళు?"

నర్సమ్మ కాస్త తటపటాయించింది. "మా అక్కయ్య కొడుకు. మంచివాడే. కానీ మంచినీళ్ళు తాగుతున్నా జాగ్రత్త అంటాడు. వీధిలో వాడి పేరే జాగ్రత్తబాబు. ఇద్దరు ముసలాళ్ళు కారేసుకుని అంత దూరమా అని వారం రోజులుగా ఒకటే గొడవ."

మూడో గీత జాగ్రత్తబాబు పేరు కింద పడింది.

*

షెడ్డు పొడుగ్గా, రేకుల కప్పుతో, కాలిన ఇనుము వాసనతో ఉంది. గుమ్మం పైన బోర్డు: 'రేకుకు రేకే వేస్తాం. పుట్టీతో పూడ్చము.' మధ్యలో ఆకుపచ్చ కారు నాలుగు దిమ్మల మీద నిలబడి ఉంది. ఎడమవైపు తలుపుండాల్సిన చోట ఖాళీ. ఊడిన పన్నులా చూడగానే అదే కనబడుతోంది.

మేస్త్రి యాభై ఏళ్ళ బక్కపలచని మనిషి. చేతులు మాత్రం పట్టుకారుల్లా ఉన్నాయి. పక్కన అతని కూతురు, మోచేతుల దాకా ఎమరీ పేపరు దుమ్ముతో, కళ్ళనిండా కోపంతో ఉంది.

"నేనే మొదట చూశానండీ," అంది ఆ అమ్మాయి. "ఎనిమిదింటికి షట్టరు ఎత్తాను. ఈ రోజు ఆ తలుపుతోనే మొదలుపెట్టాలి. నా అంతట నేను మొదటినుంచి చివరిదాకా చేయబోయే మొదటి తలుపు. నాకే కావాలని నాన్నతో పోట్లాడి తీసుకున్నాను. వచ్చి చూస్తే లేదు! దొంగలూ దొంగలూ అని అరిచాను. వీధంతా వచ్చేసింది. నాన్న ఆ తర్వాత వచ్చారు."

"వచ్చేసరికి ఊరంతా ఇక్కడే ఉంది," అన్నాడు మేస్త్రి నేల చూపులు చూస్తూ. "నోట మాట రాలేదు నాకు."

"దొంగ ఎలా వచ్చాడంటారు?"

అమ్మాయి వెనక గోడ చూపించింది. అక్కడ రేకు మూల వంగి ఒక సందు ఉంది. "పిల్లి తిరిగే దారి. అందులోంచే దూరి ఉంటాడు."

సర్వేయరమ్మ హ్యాండుబ్యాగులో మూడు వస్తువులు ఎప్పుడూ ఉంటాయి: కొలత టేపు, టార్చి, బొత్తామంత అయస్కాంతం. టేపు తీసి సందు కొలిచింది. తర్వాత కారు కుడి తలుపు కొలిచింది. "స్టెనో, నువ్వొకసారి దూరు."

స్టెనో కాదనలేదు. చేతులు ముందుకు చాపి, ఊపిరి బిగపట్టి సందులో దూరాడు. నడుం దాకా సులువుగానే వెళ్ళాడు. ఆ పైన అటూ పోలేదు, ఇటూ రాలేదు. చివరికి మేస్త్రి, కూతురు చెరో కాలూ పట్టుకుని లాగితే చొక్కా బొత్తాం ఒకటి అక్కడే వదిలేసి బయటపడ్డాడు.

"కష్టపడితే మనిషి దూరొచ్చు," అంది సర్వేయరమ్మ రాసుకోమన్నట్టు చూసి.

ఆ తర్వాత ఖాళీ గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని టార్చి వేసింది. తలుపు బందులకు ఉండాల్సిన బోల్టులు ఆరూ పక్కన ఒక డబ్బాలో ఉన్నాయి. ఊరికే పడేసి లేవు. వాషర్లతో సహా ఒక తీగకు వరసగా గుచ్చి ఉన్నాయి. బందుల కింద నేలమీద నూనె మరక ఉంది. దాని మీద దుమ్ము కూడా పేరుకుంది. మరక పక్కనే గులాబి రంగు పొడి కొంచెం, అందులో గోరంత కాగితం ముక్క. పసుపుపచ్చగా మారి, ఒక అంచున తుప్పు అంటుకుని ఉంది. సర్వేయరమ్మ దాన్ని కవరులో వేసుకుంది.

"ఇన్నేళ్ళ బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటాయి కదా మేస్త్రిగారూ. ఊడదీయాలంటే ఏం చేస్తారు?"

"నూనె పోసి ఒక రోజు నానబెట్టాలమ్మా. లేకపోతే తల తెగిపోతుంది," అన్నాడు మేస్త్రి. అని, ఆ మాట ఎందుకన్నానా అన్నట్టు మీసం తడుముకున్నాడు.

"ఆ తలుపు ఎలా ఉండేది?" అమ్మాయిని అడిగింది సర్వేయరమ్మ.

"కింది అంచు పొంగి ఉంది. వేలితో కొట్టి చూశాను. పైన ఖంగుమంది, కింద మొద్దుగా పలికింది. ఎప్పుడో ఎవడో తుప్పు కోసి తీయకుండా దాని మీదే పుట్టీ దట్టించేశాడు. వాడి చేతులు విరగ, అనుకున్నాను."

ఠంగుమని చప్పుడైంది. మేస్త్రి చేతిలోని సుత్తి జారి కిందపడింది.

"మా నాన్న అలాంటి పని చూస్తే భరించలేరండీ," అంది అమ్మాయి. ఒక మూల విప్పి పెట్టిన వేరే కారు తలుపు లోపలివైపు చూపించింది. అతుకు ఎక్కడుందో తెలియడం లేదు. అడుగున చిన్న సున్నా, దాని కింద తారీఖు గీసి ఉన్నాయి. "ఇది నాన్న సంతకం. మొదటి రోజుల నుంచీ ఏ పని చేసినా లోపల ఇది గీస్తారు. ఎవరూ చూడని చోట ఎలా చేశామన్నదే మన పని అంటారు. నాకు ఇరవై నిండాయి మొన్ననే. ఇప్పటిదాకా గీయనివ్వలేదు. ఈ తలుపు అయ్యాక గీయమన్నారు."

"ఎన్నేళ్ళయింది మేస్త్రిగారూ మీరు షెడ్డు పెట్టి?"

"ఇక్కడ పదిహేనేళ్ళు. అంతకు ముందు పాత బస్టాండు వెనక చిన్న పాకలో. అప్పుడు ఒక్కణ్ణే."

అమ్మాయి టీ తెప్పించింది. మూలన రెండు డ్రమ్ముల మీద వేసిన బల్ల, దానిమీద నేలదాకా వేలాడే మందపాటి కారు కవరు.

"షెడ్డులో కూడా టేబులు క్లాతా!" అంది సర్వేయరమ్మ నవ్వుతూ.

"మీలాంటి పెద్దవాళ్ళు వస్తుంటారని…" అని నీళ్ళు నమిలాడు మేస్త్రి. "అటు కాదు, ఈ కుర్చీల్లో కూర్చోండమ్మా."

స్టెనో మాత్రం నోటుపుస్తకం తెరవడానికి వీలుగా తన గ్లాసు బల్లమీద పెట్టాడు. పెట్టిన గ్లాసు పెట్టినట్టుండక మెల్లగా జారి, అంచుదాకా వెళ్ళి, అతని ప్యాంటు మీద ఒలికింది. అతను ఎగిరి గంతేశాడు. తుడుచుకోవడానికి గోడవైపు వెళ్తే అక్కడ నిలబెట్టిన పాత చెక్క ఒకటి తగిలింది. దానినిండా గ్లాసు అడుగుల గుండ్రటి మరకలు. ఈ షెడ్డులో శుభ్రమైన జాగా ఎక్కడా లేదనుకుని విసుక్కున్నాడు.

*

షెడ్డుకు ఎదురుగా దర్జీ కొట్టు. దర్జీ కాపురం దాని పైనే. కుట్టుమిషను వీధివైపు తిరిగి ఉంటుంది, దర్జీ కూడా అంతే.

"నిన్న సాయంత్రం షట్టరు ఎవరు వేశారు?"

"మేస్త్రే. ఏడున్నరకి. అమ్మాయి ఆరింటికే ఇంటికెళ్ళిపోయింది."

"మేస్త్రి చేతిలో ఏముంది?"

"రోజూ ఉండేదే. అన్నం క్యారేజీ."

"రాత్రి ఎవరైనా షట్టరు తీసి ఉండొచ్చు కదా?"

దర్జీ పకపకా నవ్వాడు. "ఆ షట్టరా? అది లేస్తే వీధంతా లేస్తుందమ్మా! నూనె వేయమని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. రాత్రి అది కదిలితే ముందు నేను కిందకి దిగుతాను. పొద్దున ఎనిమిదికి అమ్మాయి ఎత్తిందాకా కదల్లేదు."

"నిన్న పగలు షెడ్డులోంచి తలుపు లాంటిది ఎవరైనా మోసుకెళ్ళారా?"

"లేదు. ప్రెసిడెంటుగారు మధ్యాహ్నం వచ్చారు. చేతికర్ర ఊపుకుంటూ వచ్చారు, ఊపుకుంటూ వెళ్ళారు. సాయంత్రం అక్కయ్యగారు, వాళ్ళబ్బాయి వచ్చారు. ఆయన గుమ్మం దాటేటప్పుడు కూడా వాళ్ళమ్మకి జాగ్రత్త చెప్పాడు."

ప్రెసిడెంటు తన కారు షెడ్డులోనే దొరికాడు. అతను ఏమీ దాచుకోలేదు. "నా కారు ఎడమ తలుపు నొక్కుకుపోయిన మాట నిజం. నర్సమ్మగారి కారు కావాలన్నదీ నిజం. కానీ తుప్పు పట్టిన తలుపు దొంగిలించి నా కారుకు తగిలించుకుంటానా! తల కొట్టేసినట్టు ఉండదూ? మీరే చూసుకోండి." అతని షెడ్డులో మూడు కార్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. నొక్కుకుపోయిన తలుపు ఎక్కడిదక్కడే ఉంది.

జాగ్రత్తబాబు తన ఆఫీసులో ఫైళ్ళ మధ్య నుంచి తలెత్తి, "ఆ దొంగ ఎవరో గానీ కాళ్ళకు దండం పెట్టాలి," అన్నాడు. వెంటనే భయపడి, "నేను కాదండీ! పిన్ని మీద ఒట్టు. నాకు స్క్రూడ్రైవరు కూడా పట్టుకోవడం రాదు. చెయ్యి తెగుతుందని అమ్మ ఎప్పుడూ ముట్టుకోనివ్వలేదు," అన్నాడు.

చివరగా అక్కాచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళారు. అక్కయ్య మంచం మీద మ్యాపు పరుచుకుని, దారిలో ఆగాల్సిన చోట్లకు బొట్టుబిళ్ళలు అంటించుకుంటోంది. తలుపు పోయిన సంగతి ఆవిడను కదిలించినట్టే లేదు. "తలుపు లేకపోతే గాలి బాగా వస్తుందే," అంది చెల్లెలితో.

"నర్సమ్మగారూ," అంది సర్వేయరమ్మ, "కొన్నప్పుడు ఆ తలుపు గురించి డాక్టరుగారు ఏమైనా చెప్పారా?"

"చెప్పారు. అంతకు రెండేళ్ళ ముందు గేటుకు గుద్దితే కింది భాగం బాగుచేయించారట. పాత బస్టాండు వెనక ఎవరో కుర్రాడు కొత్తగా షెడ్డు పెట్టాడు, పొద్దున ఇస్తే సాయంత్రానికి చేసిచ్చాడు, ఇక దీనికి ఢోకా లేదు అన్నారు. అప్పుడు కారు తెల్లరంగు. ఆకుపచ్చ నేను వేయించాను."

సర్వేయరమ్మ మళ్ళీ కళ్ళజోడు తుడుచుకుంది. ఈసారి చాలాసేపు తుడిచింది. కేసు తేలిపోయిందని స్టెనోకు అర్థమైంది. కానీ బయటికి వచ్చాక ఆవిడ ముఖంలో ఎప్పుడూ ఉండే హుషారు లేదు.

"ఎవరు మేడమ్?"

"రేపు చెప్తాను. ఒక మనిషికి రాత్రంతా ఆలోచించుకునే టైము ఇద్దాం. తనే చెబితే మనకన్నా బాగా చెప్తాడు."

*

గురువారం ఉదయం తొమ్మిదికి అందరూ షెడ్డులో ఉన్నారు. నర్సమ్మ, మ్యాపు చంకలో పెట్టుకుని అక్కయ్య, ఆవిడ మోచెయ్యి వదలకుండా జాగ్రత్తబాబు, చేతికర్రతో ప్రెసిడెంటు, పిలవకుండానే వచ్చిన దర్జీ. మేస్త్రి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండుసార్లు నోరు తెరిచాడు, కూతురివైపు చూసి మూసుకున్నాడు.

సర్వేయరమ్మ ఒక నిమిషం ఎదురుచూసి, లేచింది.

"దొంగ పిల్లిదారిలో వచ్చాడనుకున్నాం. మనిషి దూరొచ్చు. మా స్టెనో దూరాడు కూడా."

"సగం," అన్నాడు దర్జీ. అందరూ నవ్వారు.

"కానీ తలుపు దూరదు. సందు కన్నా తలుపు జానెడు వెడల్పు ఎక్కువ. ఇక మిగిలింది ముందు గుమ్మం. పగలు దర్జీగారి కళ్ళు, రాత్రి దర్జీగారి చెవులు. ఎవరూ తలుపు మోసుకెళ్ళలేదు. అంటే ఏమిటి? తలుపు ఈ షెడ్డు దాటి వెళ్ళనే లేదు."

"ఇక్కడే ఉందా!" అని నర్సమ్మ కారు కిందికి తొంగిచూసింది.

"రెండో సంగతి బోల్టులు. వాటిని ఒక రోజు ముందే నూనెతో నానబెట్టారు. మరక మీద దుమ్ము పేరుకుని ఉంది. ఊడదీశాక తీగకు వరసగా గుచ్చారు. తుప్పు తలుపు కోసం వచ్చిన దొంగ, బోల్టులు పోకూడదని ఎందుకు అనుకుంటాడు? తలుపు మళ్ళీ బిగించాల్సిన మనిషి అనుకుంటాడు. చేతికి ఆ అలవాటు ఉన్న మనిషి అనుకుంటాడు. ప్రెసిడెంటుగారికి అంత ఓపిక లేదు. బాబుగారికి స్క్రూడ్రైవరే పట్టుకోవడం రాదు. స్టెనో, టీ గ్లాసు ఆ బల్లమీద పెట్టు."

స్టెనో ఈసారి దూరంగా నిలబడి పెట్టాడు. గ్లాసు మెల్లగా జారింది. అంచు దగ్గర సర్వేయరమ్మే పట్టుకుంది.

"నిన్న వీడి ప్యాంటు తడిసినప్పుడే అనుకున్నాను. చెక్కబల్ల మీద గ్లాసు ఇలా జారదు. కింద ఉన్నది ఒంపు తిరిగిన రేకు. అసలు టీ బల్ల చెక్క ఆ గోడకు నిలబెట్టి ఉంది. చూడండి, ఎన్నేళ్ళ టీ మరకలో!"

ఆవిడ కవరు లాగింది. డ్రమ్ముల మీద ఆకుపచ్చ తలుపు వెల్లకిలా పడుకుని ఉంది.

ప్రెసిడెంటు చేతికర్ర ఊపడం ఆపేశాడు. అమ్మాయి తలుపునీ తండ్రినీ మార్చి మార్చి చూసింది.

"నాన్నా?"

సర్వేయరమ్మ అయస్కాంతం తీసి తలుపు పైభాగాన పెట్టింది. టక్కున అతుక్కుంది. కింది అంచున పెట్టింది. జారి డ్రమ్ము పక్కన పడింది. "ఇక్కడ రేకు లేదు. పుట్టీ, దాని వెనక కాగితం. ఈ పుట్టీ పొడీ, కాగితం ముక్కా తలుపు ఊడదీసినప్పుడు రాలి నాకు నేలమీద దొరికాయి. ఇరవై ఏళ్ళ కిందట పాత బస్టాండు వెనక కొత్తగా షెడ్డు పెట్టిన ఒక కుర్రాడు చేసిన పని. ఆ రోజుల్లో అక్కడ ఒక్కడే ఉండేవాడట. మేస్త్రిగారూ, మిగతాది మీరు చెప్తారా?"

మేస్త్రి తలుపు పక్కన నిలబడి దాని అంచు మీద చెయ్యి వేశాడు. జ్వరం వచ్చినవాళ్ళ నుదురు చూసినట్టు.

"రంగు మారింది కదా, మొదట పోల్చుకోలేదు. సోమవారం సాయంత్రం లోపలి అట్ట విప్పితే నా సున్నా కనబడింది. ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. రాత్రంతా నిద్ర లేదు." అతను కూతురివైపు చూశాడు. "ఈ తలుపు తనకే కావాలని అమ్మలు పట్టుబట్టింది. ఏం చెప్పి కాదనను? ఆదివారం అది షెడ్డుకు రాదు. అప్పటిదాకా దాచి, ఒక్కణ్ణే కూర్చుని పుట్టీ అంతా కోసి కొత్త రేకు వేసి, ఏదో వంక చెప్పి తగిలించేద్దామనుకున్నాను. నిన్న పొద్దున ఆ వంక ఆలోచించుకుంటూనే వచ్చాను. వచ్చేసరికి దొంగలంటూ వీధంతా ఇక్కడే ఉంది. ఇంక నోరు పెగల్లేదు. నర్సమ్మగారూ, మీ తలుపు దొంగిలించే ఉద్దేశం ఒక్క క్షణం కూడా లేదమ్మా. క్షమించండి."

"ఎందుకు చేశావు నాన్నా?" అంది అమ్మాయి. నిన్నటి కోపం ఆ గొంతులో లేదు, నమ్మలేకపోవడం ఉంది. "దాచడం కాదు. అప్పుడు. ఈ పుట్టీ ఎందుకు పెట్టావు? నువ్వు!"

మేస్త్రి తలుపు కింది అంచును వేలితో తడిమాడు.

"పొద్దున మొదలుపెట్టాను. తుప్పు కోసేశాను, రేకు కూడా కొలత పెట్టి కత్తిరించాను. మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, మీ అమ్మకు కష్టంగా ఉంది, వెంటనే రమ్మని. డాక్టరుగారికి సాయంత్రానికి కారు ఇస్తానని మాటిచ్చాను. ఆయన కూడా ఏదో కాన్పు కేసుకే ఊరు వెళ్ళాలి. రేకు అతకడానికి మూడు గంటలు. చేతిలో అరగంట కూడా లేదు. పక్కనున్న పేపరు ఉండచుట్టి లోపల కుక్కాను. పైన పుట్టీ పూసి, రంగు కొట్టి పరిగెత్తాను. అలవాటు కొద్దీ సున్నా గీశాను, అంతే. మర్నాడు తీసుకురమ్మంటే డాక్టరుగారు బాగానే ఉందిగా అన్నారు. మళ్ళీ రాలేదు. ఆ తర్వాతే ఆ బోర్డు రాయించాను."

అమ్మాయి చేతులు దులుపుకుంది. వెళ్ళి ఉలి తెచ్చింది. మేస్త్రి అదిరిపడి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె అతన్ని దాటి తలుపు దగ్గరికి వెళ్ళి, కింది అంచున ఉలి పెట్టి ఒక దెబ్బ వేసింది. పుట్టీ పెంకులా లేచింది. లోపలి నుంచి కాగితం ఉండ బయటపడింది. పైపొరలు తుప్పుతో పొడిపొడి అయిపోయాయి. మధ్యలోని పొర మాత్రం ఇంకా చదవడానికి వీలుగా ఉంది. ఆమె దాన్ని వేళ్ళతో మెల్లగా విప్పి, పైన ఉన్న తారీఖు చూసింది. కాగితాన్ని వెలుతురువైపు తిప్పి మళ్ళీ చూసింది.

"నేను పుట్టిన రోజు," అంది చివరికి.

"అవును తల్లీ."

"అంటే ఆ చేతులు విరగ అని నేను తిట్టింది…" అని ఆగి, ఆమె ఒక్కసారిగా నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "నా కోసం పరిగెత్తిన మనిషినన్నమాట!"

మేస్త్రి ముఖం మీద రెండు రోజుల తర్వాత రంగు వచ్చింది. దర్జీ ఎటో చూస్తూ జేబురుమాలుతో ముక్కు చీదాడు. నర్సమ్మకు మాత్రం ఇంకో సందేహం మిగిలి ఉంది.

"ఏ ఆసుపత్రి?" అంది. మేస్త్రి చెప్పగానే వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. "ఆ రోజుల్లో డ్యూటీ నాదే నాయనా. పిల్లని నీ చేతుల్లో పెట్టింది నేనే అయ్యుంటాను. ఒళ్ళంతా చారలు కట్టిన తెల్లటి దుమ్ముతో, ఆడపిల్లో మగపిల్లాడో కూడా అడక్కుండా ఒక తండ్రి కుమిలి కుమిలి ఏడ్చాడు. నువ్వేనా అది?"

మేస్త్రి తల అడ్డంగా ఊపబోయి, నిలువుగా ఊపాడు.

"మరి నా మీద కంప్లయింటు ఇస్తారా అమ్మా?"

"ఇస్తాను. ఆ షట్టరు మీద. నూనె వేయించు," అంది నర్సమ్మ. "తలుపు మాత్రం నువ్వు ముట్టుకోవడానికి వీల్లేదు. అది అమ్మాయి చెయ్యాలి."

"నేను చేస్తాను. నాన్న సాయం ఉంటారు," అంది అమ్మాయి. "కానీ బుధవారానికి కాదండీ. రేకు వెయ్యాలి, ప్రైమరు ఆరాలి, రెండు పూతల రంగు పడాలి. శుక్రవారం."

"శుక్రవారమే వెళ్తాం," అంది అక్కయ్య మ్యాపు విప్పుతూ. "ఇంకో రెండు చోట్ల ఆగొచ్చు." ప్రెసిడెంటు ముందుకొచ్చి తన కారులో తానూ వెంట వస్తానని, దారిలో ఏదైనా పాడైతే సామాను తన దగ్గర ఉంటుందని అన్నాడు. జాగ్రత్తబాబు కాసేపు గిజగిజలాడి, "అయితే ఆయన కారులో నేనూ వస్తాను. వెనకనుంచి చూసుకోవడానికి," అన్నాడు.

అందరూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర స్టెనో వెనక్కి తిరిగి చూశాడు. తండ్రి కొత్త రేకు పట్టుకుని ఉన్నాడు, కూతురు తలుపు అంచు మీద సుద్దతో కొలత గీస్తోంది. కాగితం ముక్క ఆమె పక్కనే విప్పి పెట్టి ఉంది. గీస్తూ గీస్తూ దానివైపు తల వంచింది.

"నాన్నా, సాయంత్రానికి వాన పడుతుందని రాశారు ఇందులో. పడిందా ఆ రోజు?"

"పడిందట," అన్నాడు మేస్త్రి రేకును ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకుంటూ. "మీ అమ్మ చెప్పిందాకా నాకు తెలియదు, తడిసిపోయి ఉన్నానని."